తొండవాడ దాటినాక

పంతొమ్మిదేండ్లు ఈ రోడ్డును
స్టేజీలుగానే ఎరుగుదును.
తుమ్మలగుంట, పేరూరు, తొండవాడ, చంద్రగిరి.
నా నోట్లో అవి ఊర్లు కావు,
చిల్లర లెక్కలు.
కాళ్ల కింద ఎట్లుంటాదో
ఈ పొద్దు తెలిసింది.

చీకటితోనే యూనివర్సిటీ గ్రౌండులో
ఒక పిల్లోడు నా చొక్కాకు నంబరు గుచ్చినాడు,
నాలుగు వందల పన్నెండు.
"వాకింగా ఆంటీ, రన్నింగా?"
"పోయేది నేను పోతా, పేరు నువ్వు పెట్టుకో" అన్నా.
చుట్టూ రంగురంగుల బూట్లు.
నావి డిపో ఎదురుగా కరీముల్లా అంగట్లో కొన్నవి,
ఎడమది కరస్తాది.

పోయినేడు ఇదే నెలలో
"టికెట్, టికెట్" అనే పిలుపు
రెండో టికెట్ కాడ తెగిపోయేది.
కర్చీఫులో ఎరుపు చూసి తమలపాకనుకున్నా.
నేను ఆకు నమలనని గుర్తొచ్చేసరికి
రుయా ఆస్పత్రి క్యూలో ఉండా.
డాక్టరు ఎక్సురేను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే
ఎడమ పక్క, పైన,
గుండ్రంగా ఒక బొక్క.
మిషన్లు రాక ముందు
అట్లాంటివి ఎన్ని లక్షలు కొట్టినానో టికెట్లకు.
నాకు కొట్టిందెవురు,
ఏ స్టేజీ వరకు?

ఆరు నెల్లు మాత్రలు.
ఆశా వర్కరు రెడ్డెమ్మ
నేను మింగేదాకా గడప కాడ్నుంచి కదిలేది కాదు.
"నోరు తెరువు మే, నాలిక ఎత్తు."
నా కూతురికి కూడా నేనంత అనుమానంగా అన్నం పెట్టలేదు.
ఉచ్చ నారింజ రంగులో పోయేది,
కన్నీళ్లు కూడా అదే రంగంట,
చూసుకునేదానికి అద్దం కాడికి పోలేదు.
డిపో క్యాంటీన్లో నా టీ గ్లాసు
కొక్కేనికి విడిగా వేలాడేది.
రిపోర్టు బాగయిందని రాసినారు.
గ్లాసు మాత్రం ఇంకో రెండు నెల్లు ఆడ్నే ఉండింది.

అందరూ మెట్లెక్కి మొక్కు తీర్చుకోమన్నారు.
దేవుడికి నా ఊపిరి లెక్క తెలుసు.
తెలియనిది ఈ రోడ్డుకే.

పేరూరు కాడ
ఇడ్లీ కుండ మూత తీస్తే ఆవిరి మొగానికి కొట్టింది.
అప్పటికే అందరూ ముందుకు పోయినారు.
ఊపిరి బయటికి పోతే
తిరిగొస్తాదా అని అడుగడుక్కీ చూసినా,
రాత్రి చివరి బస్సు కోసం చూసినట్టు.
వస్తా ఉండాది.
ఆలస్యంగా, కిక్కిరిసి,
అయినా వస్తా ఉండాది.

తొండవాడలో దగ్గొచ్చింది.
మోకాళ్ల మింద చేతులు పెట్టుకొని వంగి దగ్గి
అరచెయ్యి చూసుకున్నా.
ఉత్త ఎంగిలి.
స్వర్ణముఖి ఇసక మింద ఎండ ఇంకా పడలేదు.
నీళ్ల ప్యాకెట్టు ఇచ్చిన పెద్దాయన "కూచోమ్మా" అన్నాడు.
కూచుంటే లేవనని నాకు తెలుసు.

వెనక పీలేరు బండి హారను.
డ్రైవరు చెంగల్రాయుడు,
ఆ గ్లాసు సంగతి ముందు ఎత్తింది ఆయనే,
కిటికీలోంచి సగం బయటికొచ్చి
"రైట్! రైట్!" అని అరిచినాడు.
నా మాట నాకే తిప్పి ఇచ్చినాడు.
క్షమించినావా అని అడగొద్దండి,
అప్పుడు నాకు అంత ఊపిరి లేదు.

కోట కాడికి చేరేసరికి షామియానా విప్పతా ఉండారు.
పెట్టె అడుగున వెతికి
దారం చిక్కుపడిన మెడలొకటి,
ఒక మెత్తబడిన అరటిపండు ఇచ్చినారు.
పండు ముందు తిన్నా.

తిరుగు బండ్లో కొత్త కండక్టరు, చిన్నపిల్ల,
నన్ను ఎరగదు.
స్టాఫని నేనూ చెప్పలేదు.
ఆధార్ చూపిస్తే మిషన్ గర్రుమని చీటీ కక్కింది.
చంద్రగిరి నుంచి తిరుపతి. పెద్దలు ఒకరు.
రూపాయలు: సున్నా.
గుండ్రటి ఆ సున్నాను
చానా సేపు చూసినా.

బండి తొండవాడలో ఆగింది.
ఎవురూ దిగలేదు, ఎవురూ ఎక్కలేదు.
నేను దగ్గిన చోటు కనిపిస్తాదేమోనని
కిటికీలోంచి తొంగి చూస్తే
"తల లోపల పెట్టమ్మా" అనింది ఆ పిల్ల,
అచ్చం నా గొంతుతో.