రెండు సెకన్ల శబ్దం

నారిన్‌లో తెల్లారేసరికి మైనస్ ఇరవై మూడు.
సగిన్ తన పజేరోని
బావమరిది ట్రాక్టరుకి తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు.
"తిరుగుతోంది బురుల్, అందుకోవడం లేదు."
నేను గేటు తీసేలోపు
ఆ ముక్కే నాలుగుసార్లు అన్నాడు.

రెండు ఆడగుర్రాలు, ఒక దూడ అమ్మి
బిష్కెక్ సంతలో కొన్న బండి.
జపాన్‌లో పుట్టింది కనక స్టీరింగ్ కుడివైపు,
మా రోడ్లకి పెడసరంగా.
కొని పదకొండు రోజులు.
డోలోన్ కనుమ మీద మంచులో కూడా
నాలుగు చక్రాలూ పట్టి ఎక్కిందట,
నిన్న సాయంత్రం దాకా.

తాళం తిప్పాను.
స్టార్టర్ బలంగానే గింగిరాలు కొట్టింది.
బ్యాటరీ తప్పేం లేదు.
నోరు ఆడుతోంది, మాట రావడం లేదు.

చలికి వేళ్లు ఇనుముకి అతుక్కుంటుంటే
ఒక ప్లగ్గు విప్పి ఇంజన్‌కి ఆనించి
"ఇప్పుడు తిప్పు" అన్నాను.
చిటుక్కుమంది. నీలంగా, నిఖార్సైన నిప్పు.
ప్లగ్గుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పెట్రోలు వాసన లేదు.
కుక్క వదిలేసిన ఎముకలా పొడిగా ఉంది.

"ట్యాంకు సగం ఉంది!"
మీటరు ముల్లు చూపించి సగిన్ ఒట్టు పెట్టాడు.
బావమరిది అప్పటికే తీర్పు చెప్పేశాడు:
ఇంజన్ పోయింది, గుర్రాలూ పోయాయి.

ఇద్దర్నీ నోరు మూసుకోమన్నాను.
ట్రాక్టరు కూడా ఆపించాను.
వెనక సీటు మీద బోర్లా పడుకుని చెవి ఆనించి
"ఒక్క మెట్టు తిప్పు. అక్కడే ఆపు."
ఒంట్లో బాగున్న బండి ఇక్కడ
రెండు సెకన్లు మూలుగుతుంది,
నిద్రలో అటు తిరిగి పడుకునే పిల్లలా.
ఇది మూలగలేదు.
మళ్లీ ఒక్క మెట్టు.
దూరంగా ఎవరిదో కుక్క.

ఫ్యూజు బాగుంది. రిలే టిక్కుమంది.
కరెంటు ఇంట్లోంచి బయల్దేరింది,
పంపు దాకా చేరలేదు.
దారిలో ఎవరింట్లో ఆగిపోయిందో.

కార్పెట్ ఎత్తాను.
గొర్రె బొచ్చు, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు,
మధ్యలో చిల్లున్న జపాన్ నాణెం ఒకటి.
వాటి కింద, ఏ ఫ్యాక్టరీ వేయని ఎర్ర తీగ
నల్ల టేపు కప్పుకుని
డ్రైవరు సీటు కిందికి పాకుతూ పోయింది.
చివర, చిటికెనవేలి గోరంత స్విచ్చి.
కిందికి వాలి ఉంది.

"నిన్న వెనక ఏం ఎక్కించావు?"
"గొర్రెని. ఒకచోట నిలవక
సీటు కింద కాళ్లు దూర్చి ఒకటే తన్ను..."
మాట అక్కడే ఆగింది.
చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు
ముగ్గురం, ట్రాక్టరుతో సహా.

స్విచ్చి పైకి నెట్టాను. తాళం ఒక్క మెట్టు.
ట్యాంకులో, అదిగో, ఆ రెండు సెకన్లు.
మూడో తిప్పుకి ఇంజన్ దగ్గి,
తెల్లగా ఊది, అందుకుంది.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే
"స్విచ్చా? నేనూ కొన్నదేగా" అన్నాడు.
అతనికి ముందు ఇంకెవరో.
ఏ ఊళ్లోనో, కిటికీ పక్కన మంచం వేసుకుని
వీధిలో చప్పుడైతే లేచి కూర్చునే మనిషి.
బండి అమ్మేశాడు, డబ్బు లెక్కపెట్టుకున్నాడు,
భయాన్ని సీటు కిందే మర్చిపోయాడు.

"కోసి పడేయనా? పది నిమిషాల పని."
కట్టర్ చేతిలోకి తీసుకున్నాను.

సగిన్ బయటికి చూశాడు.
బావమరిది తాడు చుట్టుకుంటున్నాడు,
గుర్రాలు పోనందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉన్నాడు.
సగిన్ నా వైపు వంగాడు. గొంతు తగ్గింది.
"ఉండనీ.
పైకంటే నడుస్తుంది, కిందికంటే నడవదు. అంతేగా?"
"అంతే."
"వాడికి చెప్పకు."