చివర రాసింది

ఒంగోలు డాక్టరు కాగితం మీద గీత గీసి చెప్పాడు:
దగ్గరివి ముందు పోతాయి పెద్దాయనా,
దూరానివి కొన్నాళ్ళు నిలబడతాయి.
బస్సు పొదిలి దాటిందాకా ఆ మాటే నమిలాను.
దగ్గరివాణ్ణి గదా,
నేనే ముందు పోయాను.

కాశమ్మకు ముప్ఫయ్యేళ్ళ ఓబులేసు ఉన్నాడు.
వాడి బీడీ కట్ట, సైకిలు గంట,
గనిలో రాయి జారిన పొద్దు ఏసుకున్న గళ్ళ చొక్కా,
అన్నీ ఉన్నాయి.
ఆరేళ్ళ నేను లేను.

మా పెళ్ళి మార్కాపురం రిజిస్ట్రారాఫీసులో.
గుమాస్తా తలెత్తకుండానే
“పెళ్ళికొడుకు ఏడీ?” అన్నాడు.
కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
అరవై నాలుగు, యాభై తొమ్మిది అని
వయసుల గడిలో రాసేటప్పుడు
ఆయనా నవ్వాడు.
సాక్షి సంతకానికి టీకొట్టు కరీముల్లాను లాక్కొచ్చాం.
చేతికి పాల తడి, కాగితం మీద మరక.
ఆ మరక ఇంకా ఉంది. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను.

పలకల షెడ్డులో నేను రాయి కోసేవాణ్ణి,
ఆమె చెక్క బిగించేది.
అందరూ మూలకు రెండు మేకులు కొడితే
ఆమె మూడు కొట్టేది, మేస్త్రి తిట్టినా సరే.
ఇప్పుడూ దుప్పటి అంచు దొరికితే చాలు
బొటనవేలితో మూల నొక్కి చూస్తది,
వదులైందేమోనని.

తడిగుడ్డ పెట్టి తుడిస్తే పలక నల్లగా మెరుస్తది,
ఎవరూ ఏమీ రాయనట్టే.
ఆరినాక చూడాల.
సన్నంగా, బూడిద రంగులో, పాత అక్షరం లేస్తది.
ఆరిందాకా కూర్చుందామనే
కూర్చోనున్నా.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది.
ఇసనకర్ర ఊపుతా ఉంటే అడిగింది:
“ఎవురయ్యా నువ్వు? రోజూ వస్తన్నావ్.”
ఒక్కోనాడు ఒక్కో మాట చెబుతుంటాను,
మందుల షాపోణ్ణని, ఓటర్ల లిస్టు రాసేవాణ్ణని.
నిన్న ఓపిక లేక
“మాల్యాద్రిని” అన్నా.
“మంచి పేరు. పెళ్ళయిందా?”
“అయింది.”
“బాగా చూసుకుంటదా?”
“జొరమొస్తే మూతి తిప్పుకుంటానే గంజి కాస్తది.”
“ఎట్టుంటది మనిషి?”
“నవ్వితే కొంగు నోట్లో పెట్టుకుంటది.”
కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది.
అంతలోకే కోపం.
“మరి పొద్దుగూకింది గదా, పరాయింట్లో నీకేం పని?
ఆమె కూడు ముందేసుకుని చూస్తా ఉండదా?
పో.”

పోయాను.
చెప్పులు కూడా ఏసుకున్నా, ఆమె చూస్తా ఉందని.
గోడ పట్టుకుని, మహబున్నీ వాళ్ళ మేకల్ని దాటుకుని
దొడ్డి వైపు చుట్టు తిరిగి
వంటింటి తలుపు తోశాను.

“ఇంతసేపా?” అంది.
“ఎవరో పెద్దాయన, పాపం,
ఇల్లు మర్చిపోయినట్టుండాడు.
ఇప్పుడే పంపిచ్చా.”

కంచం పెట్టింది.
ఎవరి కంచమో నేను అడగలా.
బుడ్డిదీపం దగ్గరికి జరుపుకుని
మహబున్నీ ఇచ్చిన గోంగూర పచ్చట్లోంచి
వెల్లుల్లి రెబ్బలు వెతికి వెతికి తీసి
తన కంచం అంచున పెట్టుకుంది.

ఓబులేసు వెల్లుల్లి తినేవాడో లేదో
నాకు తెలవదు.

నేను తినను.