గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు

పరీక్ష ఇంకా పదకొండు రోజులుంది.
హన్మకొండ చౌరస్తాల జిరాక్స్ తీయించిన నోట్సుల
నడుమ రెండు పేజీలు తలకిందులొచ్చినయి,
అట్లనే బైండింగు చేసిచ్చిండు.
నేనూ అట్లనే చదువుతున్న, పుస్తకం తిప్పుకుంట.

వెల కట్టెటోళ్ళకు ఏమేం తెలవాలె?
ఎకరానికి నలభై గుంటలు,
గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు.
పహాణీల పట్టా గడి ఎవరిది, కాస్తు గడి ఎవరిది,
ఆ రెండు పేర్లు ఎప్పటిసంది వేరైనయి.
సాదా బైనామా మీద వేలిముద్ర వెలిసిపోయినంక
జాగ ఎవరి మాట మీద నిలుస్తది.
చెరువు శిఖంల లేచిన ఇంటికి
ఎండకాలం చూసి ధర కట్టొద్దని.
డంగు సున్నం గోడ ఎన్నేండ్లు బతుకుతది,
ఇసుక ఎక్కువేసిన సిమెంటు గోడ ఎన్నేండ్లు నటిస్తది.

"ఇవన్ని పుస్తకంల ఉంటయి బేటా," అంటడు గౌసుద్దీన్ సార్,
రోడ్లు భవనాల శాఖల ముప్పై మూడేండ్లు చేసి
మోకాళ్ళు అరిగినాయన.
"గోడను మెటికతోని కొట్టి విను.
బోలుగ పలికితే రాసుకో.
నిండుగ పలికితే ఇంకోచోట కొట్టు."

ఆయన స్కూటరు వెనక టేపు పట్టుకొని
కాజీపేట, దేశాయిపేట, కరీమాబాదు,
ఎన్ని గడపల ముందు చెప్పులిడిసిన్నో.
ముందు నీళ్ళిస్తరు, తర్వాత చాయ్.
నీళ్ళు తాగు, చాయ్ వద్దు అంటడు సార్,
చక్కెర ధరల కలుస్తదట.

మొన్న కొత్తవాడల బూర లచ్చవ్వ ఇల్లు.
బ్యాంకు కుదువకు విలువ కట్టాలె.
తూర్పు ముఖం, పెంకుటిల్లు, ముందు పన్నెండడుగుల బాట.
నడిమి అర్రల నేల మధ్యన గుంట,
మగ్గం అమ్మినంక మిగిలింది.
కాళ్ళు రాసుకొని రాసుకొని అంచులు నున్నగైనయి.
ఇప్పుడు అండ్ల ఉల్లిగడ్డలు పోసుకుంటది.

"దీనికి కలుపుతవా, తగ్గిస్తవా?" అని అడిగింది,
కుళ్ళినయి ఏరుకుంట.
పూడ్పించే ఖర్చు తీసెయ్యాలె, నాకు తెలుసు,
మట్టి రెండు బండ్లు, కూలి ఒక దినం.
"తగ్గిస్త అవ్వా."
"మా ఆయన నలభై ఏండ్లు అండ్లనే కూసున్నడు."
కోపమేం లేదు. ఇంకో కొలత చెప్పినట్టే చెప్పింది.

రాత్రి ఆ తలకిందుల పేజీలనే దొరికింది నిర్వచనం:
కొనాలనుకున్నోడు, అమ్మాలనుకున్నోడు,
ఇద్దరికీ తొందర లేదు, ఎవరి మీదా బలవంతం లేదు,
ఇద్దరికీ అన్నీ తెలుసు,
అప్పుడు వాళ్ళ నడుమ కుదిరే ధర మార్కెట్ విలువ.
మూడుసార్లు రాసిన, నోటికొచ్చింది.
రెండేండ్లు టేపు పట్టిన నాకు
ఆ ఇద్దరు ఒక్కపారి గూడ ఎదురుపడలే.
దవాఖాన బిల్లు పట్టుకొని ఒకరు,
భాగాలు తెగక ఒకరు,
ఏనుమాములల మిర్చి రేటు పడ్డ తెల్లారే ఇంకొకరు,
అందరూ వెనక ఎవరో తరిమినట్టే అమ్మిండ్రు.

సార్‌ను అడిగిన.
కండ్లద్దాలు తుడుసుకుంట చానసేపు ఊకున్నడు.
"నేను గూడ చూడలే బేటా.
అది కొలబద్ద, మనిషి కాదు."

రిపోర్టుల గుంటకు నాలుగు వేల రెండు వందలు తగ్గించిన,
ఒక్క రూపాయి అటు ఇటు చెయ్యలే.
లోతు మాత్రం కొలిచొచ్చిన,
ఎవరూ అడగలే, ఏ గడిలా పట్టలే:
రెండడుగుల ఏడంగుళాలు.

ఇయ్యాల నమూనా పరీక్షల మొదటి ప్రశ్న,
గుంట అనగా ఎంత?
జవాబు తెలుసు.
నాలుగు ఆప్షన్ల మీద
పెన్ను కొంచెంసేపు ఊకెనే తిరిగింది.