పదిహేను పళ్ళ చక్రం

జ్ఞానశేఖరం సార్ గడియారంలో
ఒక పన్ను విరిగింది.
భూతద్దం కంటికి బిగించి లెక్కపెడితే
పదిహేను పళ్ళ చక్రానికి పద్నాలుగే ఉండాయి.
పాకాల జంక్షన్లో ముప్పై ఏండ్లు
పచ్చజెండా ఊపిన చేతిదది.
"ఎంతవుతుంది పాపా?"
"రెండున్నర వేలు సార్, అంతా కలిపి."

అంతా కలిపి.
అనేసినాక గానీ తెలీలేదు
'అంతా' అంటే ఎంతో నాకే తెలీదని.

చిత్తూరు చర్చి వీధిలో మా అంగడి
రెండు బారల వెడల్పు.
దాంట్లో కూర్చునే ఫోన్లో జర్మనీకి పోయినా.
చక్రం ఇరవైరెండు డాలర్లు.
నొక్కినా.
పోస్టేజీ పద్దెనిమిది, పిలవకుండా వచ్చి
ముందు పంక్తిలో కూర్చున్న చుట్టంలాగా.
సరేలే అని మళ్ళా నొక్కినా.
డాలరును రూపాయి చేసినందుకు
బ్యాంకోళ్ళు నూట ఇరవైరెండు తీసుకున్నారు.
తీసుకున్నందుకు ఇంకో ఇరవైరెండు.

పదకొండో రోజు మెసేజి:
మీ పార్సిలు చెన్నైలో ఆగింది,
మీరెవరో రుజువు చేసుకోండి.
ఊదితే ఎగిరిపోయే చక్రానికి
నా ఆధార్ కార్డు రెండు పక్కలా పంపినా.

సుంకం మూడొందల నలభై ఎనిమిది.
ఆ సుంకం మీద సంక్షేమానికని ముప్పై ఐదు,
ఎవరి సంక్షేమమో రాయలేదు.
సరుకూ సుంకం సంక్షేమం కుప్పేసి
ఆ కుప్ప మీద ఆరొందల తొంభై ఐదు.
ఇదంతా నా తరపున కట్టిపెట్టినందుకు
కొరియరోళ్ళకు ఐదొందలు,
ఆ ఐదొందల మీద తొంభై.

పన్ను మీద పన్ను మొలిస్తే అదృష్టమనేది మా అవ్వ.
పాపం, ఆమె నోళ్ళే చూసింది,
ఇన్వాయిసులు చూళ్ళేదు.

మా నాయన చెంగల్రాయులు
దామలచెరువు మండీకి తోతాపురి కాయలు తోలేవాడు.
టన్నుకు క్వింటా సూటు కోసేవాళ్ళు.
కమీషను వేరే, హమాలీ వేరే.
మోసమే, కాదనను.
కాకపోతే కండ్లెదురుగా జరిగేది.
నాయన గుమస్తా మొహమ్మీదే బూతులు తిట్టేవాడు,
గుమస్తా నవ్వి టీ చెప్పేవాడు,
ఒక్కోసారి పది కిలోలు వెనక్కి వచ్చేవి.

నేనెవరిని తిట్టేది?
కస్టమర్ కేర్‌లో టైపు చేసినా:
ఈ ఐదొందలు ముందే చెప్పొచ్చు కదా?
'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము.'
ఇది సూటా? అని కొట్టినా.
'మీ ప్రశ్న అర్థం కాలేదు.'

తులసీరామ్ బండి ఆపి డబ్బులు లెక్కపెట్టుకుని
చెప్పుల డబ్బా అంత అట్టపెట్టె ఇచ్చినాడు.
పెట్టెలో కాగితం, కాగితంలో కవరు,
కవర్లో గాజుబుడ్డి, బుడ్డిలో చక్రం.
పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టినా. పదిహేను.
ఆ వారంలో సరిపోయిన లెక్క అదొక్కటే.

మొత్తం ఐదువేల రెండొందల తొంభైరెండు.
బిల్లు బుక్కు తెరిచినా.
కింద చిన్నక్షరాల్లో 'ఇతర ఖర్చులు' అని
ఒక గీత గీస్తే సరిపోతుంది.
చెయ్యి గబుక్కున పోయింది ఆ గీత దగ్గరికి,
దారి తెలిసినట్టే.
బ్యాటరీ మార్చి 'సీలింగు' అని
ఇరవై రూపాయలు వేసేది నేనే కదా,
బస్టాండు పిల్లోళ్ళకి.

బిల్లు రాయలేదు.
కాగితాలన్నీ అద్దం బల్ల మీద పరిచి
సార్‌ను పిలిచినా.
కండ్లద్దాలు తుడుచుకుని ఒక్కోటీ చదివినాడు,
గూడ్సు బండి పక్కన నడిచి
పెట్టెలు లెక్కపెట్టేవాడిలాగా.
"లోడు ఒక పెట్టెలోనే ఉండాది పాపా.
మిగతా పెట్టెలన్నీ దేనికి తగిలించినారు?"
కొంచేపాగి,
"గార్డు ఎక్కడున్నాడు దీనికి?"

మూడువేలు పెట్టినాడు.
మిగతాది పింఛను పడినాక అన్నాడు.
వద్దు సార్ అనాలనుకున్నా. అనలేదు.

నిన్న మార్కెట్లో కనబడినాడు.
రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతాండాదట.
ఆ రెండు నిమిషాలకీ
ఇంతవరకు ఎవురూ ఏమీ వెయ్యలేదు.