వెనకాల రాసిన చిల్లర

పెళ్ళిలో ఆఖరి బంతిన కూర్చున్నోడికి
అడుగున మిగిలిన పులుసు నీళ్ళే.
మా బాస్కెట్‌బాల్ లీగులో అలా కాదు,
అట్టడుగున ఉన్నోడికే ముందు వడ్డన.
అందుకే ఈ ఏడు కుర్రాళ్ళని ఎంచుకోడంలో
మొదటి పిలుపు విజయనగరానిది.
సిగ్గుపడాలో సంబరపడాలో తెలీక
రెండూ కాసింత కాసింత పడుతున్నాను.

పార్వతీపురం బస్సు నాది.
గజపతినగరం దాటి జనం పల్చబడితే
వేబిల్లు వెనక జట్టు రాస్తాను,
కొట్టేస్తాను, మళ్ళీ రాస్తాను.

ఒకడు మెళియాపుట్టి వైపు నుంచి, సవర సింగన్న.
ఆరడుగుల అయిదంగుళాలు.
రింగు కింద నిలబడితే చాలు, ఎగరక్కర్లేదు.
పరిగెత్తితే మటుకు
ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకెళ్తున్నట్టుంటాది.

ఇంకొకడు పతివాడ గౌరీశు,
నెల్లిమర్ల జూటు మిల్లు క్వార్టర్లలో పెరిగినోడు.
నా భుజం దాకా వస్తాడు, అంతే.
బంతి మాత్రం వాడి వెంటబడి
సాకిన మేకపిల్లలా తిరుగుతాది.

పొడుగా, చెయ్యా?
డిపోలో రెండు పార్టీలైపోయేరు.
మా డ్రైవరు అప్పలసూరి పొడుగు పార్టీ.
గేరు మార్చినప్పుడల్లా
"ఎత్తు నేర్పగలవేటమ్మా నువ్వు?" అంటాడు.

మూడో దారి నాది. అందరికీ నేనే ఎక్కించేను:
ఢిల్లేశుని ఇచ్చేద్దాం.
ముప్పై నాలుగేళ్ళు, ఎడమ మోకాలికి పట్టీ.
కెప్టెనంటే మాత్రం ఏటి?
బొబ్బిలోళ్ళు బదులుగా తమ పిలుపు ఇస్తామంటున్నారు,
పొడుగూ మనకే, చెయ్యీ మనకే.
బొబ్బిలికా! అని
కోట దగ్గర ఒకాయన టీ గ్లాసు కింద పెట్టేసేడు.
ముత్తాతల కోపాలకి పాయింట్లు రావండీ, అన్నాను.

నిజానికి కోపం నాకే ఉంది.
పోయిన మాఘంలో, ఆ బొబ్బిలోళ్ళ మీదే,
ఒక్క పాయింటు వెనకబడి, రెండు ఫ్రీత్రోలు.
మూడుసార్లు బంతి నేలకేసి కొట్టేడు,
అరచెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు.
పదకొండేళ్ళుగా అదే చేస్తాడు.
రెండూ పోయాయి.
జీతం కోతకి సెలవు పెట్టి మరీ చూసేను ఆ పూట.

మంగళవారం ఆరున్నర బస్సుకి
ఢిల్లేశు ఎక్కేడు.
కిట్టు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని
కాలు చాపుకోడానికి ముందు సీట్లో.
"ఒకటి, బొబ్బిలి."

మెషీన్లో కాగితం ఇరుక్కుంది.
లాగుతూ లాగుతూ
అయితే ఖాయమైపోయిందా అని అడగబోయి
మింగేసేను.

మానాపురం దగ్గర గేటు పడింది.
గూడ్సు పోతావుంది.
"మొదటి పిలుపుకి ఎవర్నంటున్నారు మేడం, మీ డిపోలో?"
తెలుసన్నమాట.
పొడుగోడ్ని, అన్నాను, పెట్టెల వైపు చూస్తూ.
"నెల్లిమర్ల గుంటడ్ని తీసుకోమనండి.
పొడుగు ఎక్కడో చోట అరువు దొరుకుతాది.
ఆవేళ నేను రెండూ తప్పేక
ప్రేక్షకుల్లోంచి దిగి
బంతి ఏరి నా చేతికిచ్చినోడు ఆడొక్కడే."

నలభై రెండు పెట్టెల దాకా లెక్కపెట్టేను,
తర్వాత తప్పిపోయింది.

బొబ్బిలి కాంప్లెక్సులో
ముందు మంచి కాలు, వెనక పట్టీ కాలు
వేసి దిగేడు.
వంద నోటుకి రావలసిన పదిహేను
టికెట్టు వెనక రాసిచ్చేను. అడగలేదు.
"బాబూ, నీ చిల్లర!" కిటికీలోంచి కేకేసేను.
హారన్లలో వినబడలేదో
వినబడీ ఊరుకున్నాడో.

ఆ పదిహేనూ సంచీలో కలపలేదు,
పై జేబులో ఉన్నాయి.
వచ్చే నెల బొబ్బిలోళ్ళు మా ఊరొస్తారు,
సెలవు చీటీ ఇప్పుడే రాసిచ్చేసేను.
ఎటువైపు కూర్చోవాలో తెలుసు.
బంతి మూడుసార్లు నేలకి తగిలి
అరచెయ్యి నిక్కరుకి తుడుచుకున్నప్పుడు
ఏటని మొక్కుకోవాలో,
అదే ఇంకా తేలలేదు.