నవంబరు దాకా పోని మరక

మా ఫెనెర్దెరెలో బడి తెరిచే రోజుకి
ఎవరి చేతులూ చేతుల్లా ఉండేవి కావు.
వేసవంతా ఫిందిక్ కాయలు ఒలిచిన వేళ్లు.
చాక్లెట్ కొరికితే పంటి కింద మీకు తగిలే ఆ గుండ్రటి పలుకే,
మా కొండలకి అదొక్కటే పంట.
పచ్చి తొక్క పసరు దిగి
గోళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు.
సబ్బుకి లొంగదు. నిమ్మచెక్కని చూసి నవ్వుతుంది.
నవంబరు వానల్లో, తనకు తోచినప్పుడు, పోతుంది.

కొత్తగా వచ్చిన ఫిజిక్స్ మాస్టారు ముహిత్తిన్,
కొండంటే ఎరగని మైదానాల మనిషి,
మొదటి రోజే నలభై జతల చేతులు చూసి
సుద్దముక్క జారవిడిచి
ఆరోగ్య కేంద్రానికి కబురు పంపాడు.
డాక్టరు వచ్చాడు. మా వరస ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాడు.
తన చేతులు జేబుల్లోంచి తీసి
మాస్టారి ముందు చాపాడు.
అవీ అంతే.
ఆ నవ్వుకి తొమ్మిదో తరగతి కిటికీ అద్దాలు
ఇంకా అదురుతూనే ఉన్నాయేమో.

బడి కొండవాలు మీద.
వాలీబాల్ గోడ దాటిందా, ఇక దాని దారి దానిదే:
మసీదు మెట్లు, రొట్టెల బట్టీ సందు, వాగు, నల్ల సముద్రం.
జెమాలెత్తిన్ దానికంటే ముందు వంతెన చేరితే బంతి మాది,
లేకపోతే చేపలది.
ఒకసారి పాఠం మధ్యలో పోయింది ఒకటి.
అందరం లేచి కిటికీకి అతుక్కుపోయాం.
మాస్టారు తిడతాడనుకుంటే
మా తలల మధ్య తన తలా దూర్చి
"చూడండ్రా, దీన్నే త్వరణం అంటారు" అన్నాడు.
ఇవాళ్టికీ ఫిజిక్స్‌లో నాకొచ్చింది ఆ ఒక్క ముక్కే.

చలికాలం, క్లాసు పొయ్యికి
వంతులవారీగా సంచెడు పెంకులు తేవాలి.
ఫిందిక్ పెంకు మండితే చిటపటల మధ్య సన్నని తియ్యటి వాసన.
పైన తడి మేజోళ్లు ఆరేస్తే అది ఇంకో వాసన.
ఆ రెండూ కలిపి ఎవరైనా సీసాలో పోసి అమ్మితే
నెల జీతం ఇచ్చేస్తాను.

బెల్కిస్ గురించి చెప్పలేదు కదూ.
జడ్జిగారమ్మాయి. చేతులు రాయని కాగితాలు.
గోళ్ల తనిఖీలో వైస్ ప్రిన్సిపాల్ సఫ్వెత్
ఆ ఒక్క పిల్ల దగ్గరే ఆగి "శభాష్" అనేవాడు.
ఆ మాటకి తను ఎందుకు తల దించుకునేదో
నాకు అర్థమయ్యేది కాదు.
సెప్టెంబరు ఆఖరి ఆదివారం మా కొట్టం గుమ్మంలో నిలబడింది,
బురద బూట్లు చేత్తో పట్టుకుని.
"నాకూ కొన్ని ఇవ్వవా?"
తినడానికేమో అనుకుని నానమ్మ వేయించినవి తెచ్చింది.
"అవి కాదు. ఒలవనివి."

పై తోట కోత ఆలస్యం, పచ్చికాయ ఇంకా కుప్పగా ఉంది.
చీకటి పడేదాకా ఒలిచింది.
చేతకాలేదు పాపం, సగం గింజలు నేలపాలు.
నానమ్మ తలపాగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
సోమవారం అందరికంటే ముందు చేతులు చాచింది బెల్కిస్.
వాళ్లమ్మ రాత్రంతా తోమిందట,
మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి,
మరక మాత్రం చెక్కు చెదరలేదు.
సఫ్వెత్ శభాష్ అనలేదు.
అనకుండా ముందుకు నడిచిపోయాడు, మా అందరి దగ్గరా నడిచినట్టే.
తను నా వైపు చూసిన చూపుకి
ఇప్పటికీ నా దగ్గర మాట లేదు.

ఫిబ్రవరిలో జడ్జిగారికి బదిలీ.
వెళ్తూ వెళ్తూ క్లాసుకో వాలీబాల్ కొనిచ్చింది.
అప్పటికి పదకొండు సముద్రానికి సమర్పించుకుని ఉన్నాం.
ఆ పన్నెండోదాన్ని ఎవరం గట్టిగా కొట్టలేదు.
నెట్ అవతలికి చంటిపిల్లని అందించినట్టు అందించేవాళ్లం.
ఆట ఏమీ బాగుండేది కాదు.

అయినా మార్చిలో ఒక మధ్యాహ్నం
గాలే ఎత్తుకుపోయింది.
జెమాలెత్తిన్ వంతెన దగ్గర ఆగలేదు.
ఎప్పటికో తిరిగొచ్చాడు,
మెడ దాకా తడిసి, ఉత్త చేతులతో.
ముహిత్తిన్ మాస్టారు ఏమీ అడగలేదు.
పొయ్యి మూత తీసి
ఇంకో గుప్పెడు పెంకులు వేశాడు.