రెండు మూరలు

ముప్పయ్యొక్క ఏళ్లు ఆర్టీసీ స్టీరింగు పట్టినవాణ్ణి.
సుంకి ఘాటీలో పొగమంచు తెల్లారినా విడవని రోజుల్లో
యాభై ప్రాణాల్ని వెనకేసుకుని దిగినవాణ్ణి.
ఇప్పుడు విజయనగరంలో, బాబామెట్ట పల్లంలో,
తలుపుల్లేని ఈ బొమ్మబండిని ఆపలేక
ఎడమకాలి చెప్పు రోడ్డుకి రాస్తున్నాను.

భోగాపురం పక్కన ఏదో రిసార్టు మూతపడితే
కాలనీవాళ్లు తలో మూడువేలు వేసి వేలంలో తెచ్చిన బండి.
పచ్చగడ్డి మీద, బంతి వెంట,
తీరిగ్గా తిరగడానికి పుట్టింది పాపం.
దానికి మెట్ట తెలీదు, అడ్డొచ్చే గేదె తెలీదు,
ట్యూషన్‌కి ఆలస్యమైన ఆరుగురు పిల్లల బరువు తెలీదు,
ఇంజెక్షన్‌కి వెళ్లే అచ్చెమ్మగారు
ప్రతి గుంతకీ నా భుజం గిచ్చుతారనీ తెలీదు.

పెడలు తొక్కితే
తడిసిన దిండు తొక్కినట్టుండేది.
కాలు అడుగుకి ఆనాక, ఇంకాస్త ఆలోచించుకుని
బండి నెమ్మదించేది.
ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను?
సుంకి దిగినవాణ్ణి కదా.

కార్తీకం చివర, ఓ పొద్దున్న,
మలుపులో తేగల బుట్టతో సూరమ్మ కూర్చుంది.
నేను తొక్కాను. మళ్లీ తొక్కాను. చెప్పు రాశాను.
బుట్ట అంచుని ముద్దు పెట్టుకుని ఆగింది బండి.
ఒక్క తేగ విరిగింది.
ఆవిడ అరవలేదు. ఆ విరిగిన తేగ నా చేతిలో పెట్టి
తాపీగా అడిగింది:
"ఏటి బాబూ, బండిని నువ్వాపేవా,
అదే ఆగిపోనాదా?"

ఆ రాత్రి అన్నం సయించలేదు.

లైట్లు మార్చడానికి ఒక్క మాటలో ఒప్పుకున్న కాలనీ
బ్రేకుల దగ్గరికొచ్చేసరికి మూడు మీటింగులు పెట్టింది.
చివరికి దాసన్నపేటలో, అసిరయ్య షెడ్డులో,
వెనక చక్రాలు ఊడదీసి ఇటికల మీద కూర్చోబెట్టాం.

"ముందు సక్రాలకి బ్రేకే లేదు మావా, ఎనక రెండే.
ఆ రెండిట్లో కుడిది సచ్చి ఎన్నాళ్లయిందో!"
ఉప్పుగాలికి తుప్పుపట్టిన తీగ
గొట్టంలోనే బిగిసి, కదలకుండా, పడుకుని ఉంది.
ఇన్నాళ్లూ ఎడమదొక్కటే
ఇద్దరి పనీ చేసుకుంటూ వచ్చింది,
నోరెత్తకుండా, అరుగుతూ.

డ్రమ్ము విప్పితే నల్లటి పొడి, గుప్పెడు.
లైనింగు మటుకు అద్దంలా మెరుస్తోంది.
బాగుందే అన్నాను.
అసిరయ్య నవ్వాడు. "మెరుపుంటే పట్టుండదు మావా,"
అని గరుకు కాగితంతో ఆ మెరుపంతా గీకేశాడు.
కొత్త తీగలు, రెండు పక్కలకీ. కొత్త స్ప్రింగులు.
పిన్నులకి గ్రీజు, చిటికెడే,
లైనింగుకి తగిలితే నాలుక కోస్తానన్నట్టు
కుర్రాడి కేసి ఓ చూపు.
"ఈ పెద్ద టైర్లు ఏయించిందెవులు?"
సెక్రటరీ పట్నాయక్‌గారు, అందం కోసం.
"అందానికి బ్రేకు ఇంకోటి ఎయ్యాల మరి,"
అని పాత టైర్లు వెతికించి బిగించాడు.

పరీక్షకి మా ఇంటి స్టీలు గ్లాసు తెచ్చాను.
ట్రైనింగులో మా ఇన్‌స్పెక్టరు
ఇంజను మూత మీద నీళ్లు పెట్టి కూర్చునేవాడు:
చుక్క ఒలికితే ఆ పూట టీ లేదు.
ఖాళీ బండితో ఒకసారి,
ఇసక బస్తాలు నాలుగేసి ఇంకోసారి,
మెట్ట మీంచి దిగాను.
రెండోసారి కాస్త ఒలికింది. తప్పు నాది,
పాత అలవాటుకొద్దీ మరీ గట్టిగా తొక్కాను.

మర్నాడు అదే మలుపు. అదే బుట్ట.
వెనక పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు.
కాలు ఆనించాను. సగం దిగేసరికే
పట్టు దొరికింది, రెండు చక్రాల్లోనూ, ఒక్కలాగే.
బుట్టకి రెండు మూరల ఇవతల బండి నిలబడింది.

సూరమ్మ తలెత్తలేదు.
తేగ చీల్చి, లోపలి చందమామ తీసి
ఎవరి పిల్లకో ఇస్తోంది.

నా ఎడమకాలు మాత్రం
అప్పటికే చెప్పుతో సహా బయటికి వచ్చేసి
గాల్లో వేలాడుతోంది.
మెల్లగా లోపలికి తీసుకున్నాను.